గుంట మీద పలకలు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు క్షేమమనుకుంటాను. నేను క్షేమమే, నా కుట్టుకొట్టే క్షేమంగా లేదు. మురుగు పైపులు వేస్తామని మీ జిల్లా ఆఫీసువాళ్ళు మా బజారుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తవ్వి, మట్టి మా గుమ్మాల్లో పోసి వెళ్ళిపోయారు. పైపులూ లేవు, మనుషులూ లేరు. వానలకి గుంట నిండింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు అవతలి గట్టున నిలబడి "నడుం పాతదే, చేతులు కాస్త వదులు!" అని అరిచి పోతున్నారు. అరుపుల కొలతలతో కుడితే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. చెప్పులకొట్టు బాబాయి తాళం వేసేశాడు. పిండిమర ఆయన ఈగలు తోలుకుంటున్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నేనూ మిషను అమ్ముకోవాల్సిందే.

నన్ను వర్తక సంఘం అధ్యక్షురాల్ని చేసిందే నా తమ్ముడు ఆ ఆఫీసులో ఇంజనీరని. నువ్వేమో ఉలకవు, పలకవు.

ఒళ్ళు మండుతున్న,
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

కవరు విప్పకముందే నీ కోపం చేతికి తగిలింది. నాది వంతెనల విభాగం, పైపులు నా పని కాదు. అయినా మా పెద్ద ఇంజనీరుగారి చెవిన వేశాను. పైపులు తక్కువగా ఉన్నాయట. ఎక్కడ ఇబ్బంది ఎక్కువుంటే అక్కడికి ముందు పంపుతారట. మీ బజారు చూడడానికి మా ఆఫీసు పొడుగాయన వస్తున్నాడు. చూసింది చూసినట్టు చెప్పే మనిషి. ఇంక కాస్త స్థిమితపడు.

నీ మాటలు పడడం అలవాటైన,
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మీ పొడుగాయన వచ్చి వెళ్ళాడు. బజారు పరువు నిలబెట్టాంరా! ముందురోజు అందరం నడుం బిగించి మట్టి ఎత్తాం, నీళ్ళు తోడాం. వడ్రంగి మామయ్య మంచి పలకలు తెచ్చి ప్రతి కొట్టు ముందూ గుంట మీద పరిచాడు. బాబాయి చేత కొట్టు తెరిపించాం. ఇంటికొచ్చిన మనిషిని బురదలో నడిపిస్తామా? ఆయన బూటుకి చుక్క అంటలేదు. టీ తాగి, "ఇంత చక్కటి బజారు నేనెక్కడా చూడలేదమ్మా" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే మామయ్య పలకలు తీసేసుకున్నాడు. అవి ఎవరింటి తలుపులకో తెచ్చినవట.

ఇంకేముంది, పైపులు వచ్చేసినట్టే.

మనసు కుదుటపడిన,
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. "అక్కడ కొట్లు కళకళలాడుతున్నాయి, జనం హాయిగా తిరుగుతున్నారు, తొందరేం లేదు" అని పొడుగాయన మా పెద్దాయనకి చెప్పాడు. పైపులు పక్క ఊరికి వెళ్ళిపోయాయి. ఆయన్నేమని తిట్టను? అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరేమో కడుపు నిండిన మొహాలు పెట్టుకుని అడిగారు! చిన్నప్పటి నుంచీ నీది ఇదే వరస. ఎక్కడ చిరుగు కనిపించినా పైనుంచి మాసిక వేసేస్తావు.

కాళ్ళావేళ్ళా పడితే ఇంకోసారి మనిషిని పంపుతామన్నారు. ఇదే ఆఖరు. ఎవరొచ్చినా సరే, పలకలు వేయకు.

విసిగిపోయిన,
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

వచ్చేది నువ్వేనని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది?

పలకలు వద్దంటే సంఘమంతా నా మీద పడింది. "పిలిచి అవమానిస్తామా?" అని పిండిమర ఆయన ఎగిరాడు. నోరు చేసుకుని ఒప్పించాను. తీరా చూస్తే అవతలి గట్టున నువ్వు! నేను కుట్టిన బూడిదరంగు ప్యాంటు వేసుకుని, కాలు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటూ. మామయ్య మరిచిపోయిన పలక ఒకటి నా కత్తిరింపు బల్ల కింద ఉంది. చేయి దాని మీదకి పోయింది. బజారంతా నన్నే చూస్తోంది. వదిలేశాను. "దిగి రండి సారూ, మా కొట్లకి ఇదే దారి" అంటుండగానే నువ్వు జారి నడుం దాకా గుంటలో పడ్డావు. అందరూ నవ్వారు. నేను లోపలికెళ్ళి ఏడ్చాను. నా తమ్ముడు బురదలో మునిగితే తప్ప మా బాధ ఆ ఆఫీసుకి కనపడదా అని కడుపు మండిపోయింది.

ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. పంపు, బాగుచేస్తాను. కానీ ఉతక్కు. ముందు మీ పెద్దాయనకి అలాగే చూపించు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

ప్యాంటు ఇప్పట్లో పంపలేను. పెద్దాయన దాన్ని బల్ల మీదే ఉంచి, పొడుగాయన్ని పిలిచి, "ఇదేనా తొందర లేని బజారు?" అని అడిగాడు. పైపుల లారీ బయల్దేరింది. ఈ ఉత్తరం కంటే ముందే నీ గుమ్మం ముందు ఉంటుందేమో.

ఎవరూ రామంటే ఆ పొద్దున నన్నే తోశారు, అందుకే రాయలేకపోయాను. ఇంకొకటి. నేను జారిపడలేదు. అవతలి గట్టు మీంచి నీ చేయి బల్ల కిందకి పోవడం చూశాను. నీ సంగతి నాకు తెలియనిదా? పలక బయటికి వచ్చేలోపే దూకేశాను.

నువ్వు వదిలేస్తావని నాకేం తెలుసు?

ఒళ్ళంతా నొప్పులతో,
నీ తమ్ముడు