గోడకు ఆనించి బిగించిన స్కానరు

కొండపల్లి,
ఆదివారం

అన్నయ్యకి,

నాగమణి నమస్కారాలు. నేను బాగున్నాను, ఈసారి నిజంగానే బాగున్నాను. నువ్వూ వదినా ఎలా ఉన్నారు? నాన్నమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీ పెద్దపాప ఇంకా చాప మీదే పడుకుంటోందా?

పోయిన ఉత్తరంలో బాగున్నానని అబద్ధం రాశాను, కోప్పడకు. మా చేపల దాణా ఫ్యాక్టరీలో మొక్కజొన్న పోసే పెద్ద ఇనుప గాదె ఉంది. అందులో సరుకు ఎంతుందో పైనుంచి లేజరు వేసి కొలిచే స్కానరు వచ్చింది. ఐటీఐ చదివినదాన్ని కదా అని నన్నే బిగించమన్నారు. కదలకుండా ఉంటుందని గోడకు ఆనించి బిగించాను. సరుకు సగానికి పైన ఉన్నంతసేపు సరిగ్గానే చెప్పేది. అడుగున గింజ లేకపోయినా సగం ఉందనేది. దాన్ని నమ్మి సరుకు పొయ్యకపోవడంతో మిల్లు రెండుసార్లు ఆగిపోయింది. "శనివారంలోగా సరిచెయ్యకపోతే ఇంటికి పంపించేస్తానమ్మా" అన్నారు మేనేజరు గారు. ఇక్కడి ఎండకూ దుమ్ముకూ అలవాటు పడ్డాను గానీ, ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాను. అన్నం సయించలేదు.

గురువారం మా ఫిట్టరు సలీం గారు ఖాళీ గాదెలోకి తెల్ల అట్ట పట్టుకుని దిగారు. పైన ఉన్నప్పుడు అట్ట మీద లేజరు ఎర్ర చుక్క శనగగింజంత ఉంది. ఆయన దిగేకొద్దీ పెద్దదై, సగం దాటేసరికి అరచేయంత అయింది. దాని అంచు గోడకున్న నిచ్చెన మెట్టుకు తగులుతోంది. "ముందు ఏది తగిలితే దాని దూరమే చెబుద్దమ్మా ఇది. మెట్టుని చూసి గింజలనుకుంటోంది" అని అరిచారు.

వెంటనే నువ్వు గుర్తొచ్చావు. కొల్లేటి గట్టున నీ చేతిలో విసురువల చూసి, పిడికెడే కదా అని నీకు కాస్త ముందుకు నిలబడేదాన్ని. అది గాల్లో విచ్చుకుని నా మీద పడేది. "ఎన్నిసార్లు చెప్పాలే, దూరంగా జరుగు!" అని తిట్టేవాడివి. అన్ని తిట్లు తిని కూడా మళ్ళీ అదే తప్పు చేశాను చూడు!

స్కానరును గోడనుంచి రెండు మూరలు జరిపి బిగించాం. నిన్న గాదె అడుగంటేదాకా సరిగ్గా చెప్పింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. "ఉద్యోగం ఖాయమైతే ఏడుస్తారా ఎవరన్నా? సోమవారం వచ్చి కాగితం తీసుకో" అన్నారు మేనేజరు గారు.

వదినను కాసిని ఉప్పుచేపలు పంపమను. ఇంటి ఓనరమ్మ వాసనంటూ గొడవ చేస్తుంది, అయినా పంపమను. పెద్దనాన్న వాళ్ళకు నా దండాలు. నాన్నమ్మ నన్ను దీవించాలి.

బస్సెక్కేటప్పుడు, తిరిగొచ్చేస్తానేమో, నా మంచం ఎవరికీ ఇవ్వొద్దన్నాను కదా. పెద్దపాపకు ఇచ్చెయ్.

నీ చెల్లెలు,
నాగమణి