టవల్ చాప్టర్

మార్చి 4, మంగళవారం

అన్నయ్య పుస్తకం ప్రింటుకి వెళ్ళిపోయిందట! పొద్దున్నే ల్యాబ్‌కి ఫోన్ చేసి చెప్పాడు. చేతులకి మైనం, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మరీ అరిచాను. పక్క టేబుల్ వాళ్ళు మా ఇంట్లో ఎవరికో పెళ్ళి కుదిరిందనుకున్నారు. మా ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేస్తాం, అరుపులు వినపడే చోటు కాదు.

నాకు ఈ పుస్తకాల పిచ్చి. రిటైరైన బాక్సర్లు రాసుకున్న ఆత్మకథ ఎక్కడ కనపడినా వదలను. మా ఆయన వాటిని దెబ్బల పుస్తకాలంటాడు. అంటే అననీ. అన్నిట్లోనూ మొదటి చాప్టర్ దాటకుండానే ముక్కు విరుగుతుంది. వాళ్ళమ్మ ఒక్క మ్యాచ్ కూడా చూడదు, పక్క గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. మధ్యలో నున్నటి కాగితం మీద ఫొటోలు. అందులో ఒకదాంట్లో కన్ను వాచిపోయి ఇకిలిస్తూ ఉంటాడు. కొట్టిన దెబ్బల కంటే తిన్న దెబ్బల గురించే ముద్దుగా చెప్పుకుంటారు. ఏది చదవబోతున్నానో ముందే తెలుసు, అయినా అన్నం చల్లారిపోయేదాకా చదువుతూనే ఉంటాను.

చివరి పేజీలు ఇంకా ఇష్టం. వయసు మీద పడి, మోకాళ్ళు మొరాయించాక ఒక్కొక్కడూ ఇన్నాళ్ళూ మింగేసిన మాట బయటపెడతాడు. ఫలానా మ్యాచ్ పోయింది రిఫరీ వల్ల కాదు, నేనే జడుసుకున్నాను అంటాడు. నాకు కళ్ళు తుడుచుకోక తప్పదు.

అన్నయ్య పుస్తకంలో ఒక్క లైను కోసం చూస్తున్నాను. అదేమిటో ఇక్కడ కూడా రాయను. ముందు తను రాయాలి.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం

రాయనన్నాను గానీ చెయ్యి ఊరుకోవడం లేదు.

చిన్నప్పుడు ఇద్దరం మంచం మీద కుస్తీలు పట్టేవాళ్ళం. కింద పడ్డవాళ్ళు తూచ్ అంటే పైవాళ్ళు ఆ క్షణమే వదిలేయాలి. అదీ రూలు. రూల్లో రెండో సగం ఇంకా గట్టిది. తూచ్ అన్నవాళ్ళని తర్వాత దెప్పకూడదు, ఎవరికీ చెప్పకూడదు. నేను రోజుకి పదిసార్లు అనేదాన్ని. అన్నయ్య ఒక్కసారీ అనలేదు. మొత్తం జీవితంలో ఒక్కసారి అన్నాడు, అది మంచం మీద కాదు.

టైటిల్ ఫైట్ అది. కార్నర్లో కోచ్, నేను. గాయాలు కోచ్ డ్యూటీ. నీళ్ళు, మౌత్‌గార్డ్, టవల్ నా డ్యూటీ. ఇక చాలు, ఓడిపోయాం అని ఒప్పుకోవాలంటే రింగ్‌లోకి విసిరేది ఆ టవలే. అన్నయ్య పళ్ళకి తొడిగే ఆ గార్డులన్నీ నేనే చేసేదాన్ని కదా. ఆ రోజు కనుబొమ్మ చిట్లింది. కోచ్ దాని మీద దూది అదిమిపెట్టి ఏదో అరుస్తున్నాడు, హాలంతా ఒకటే గోల. అన్నయ్య నా వైపు తిరిగి తూచ్ అన్నాడు. కోచ్‌కి వినపడలేదు. బెల్ కొట్టారు. లేచి వెళ్ళాడు, రెండు దెబ్బలు తిన్నాడు. నేను టవల్ విసిరేశాను. మ్యాచ్ అయిపోయింది. అన్నయ్య మళ్ళీ రింగ్ ఎక్కలేదు.

కోచ్ పోయేదాకా నాతో మాట్లాడలేదు. జిమ్‌లో నా పేరు టవలమ్మ. చుట్టాల్లో కూడా అదే. వదినైతే ఏడాదిపాటు నా చేతి కాఫీ తాగలేదు. తన మొగుడి నోటి దగ్గరి ముద్ద లాగేశానని ఆవిడ బాధ. నేను నోరు విప్పలేదు. రూలంటే రూలే. అన్నయ్యకి తెలుసు, నాకు తెలుసు, అంతే చాలనుకున్నాను.

కానీ ఇన్ని పుస్తకాలు చదివాక ఆశ పుట్టదా? అన్నయ్యని రాయమని పోరింది నేనే. రాసిపెట్టడానికి రిటైరైన స్పోర్ట్స్ రిపోర్టర్ని వెతికి పట్టుకొచ్చిందీ నేనే. అన్నయ్య చదివే రకం కాదు. అందుకని ఆదివారం ఆదివారం వెళ్ళి నా పుస్తకాల్లో మంచి మంచి చోట్లు చదివి వినిపించాను. ఒకదాంట్లో పిరికి ట్రైనర్ కంగారుపడి టవల్ విసిరేసే చాప్టర్ ఉంది. అది విని అన్నయ్య పడీ పడీ నవ్వాడు. మళ్ళీ చదవమన్నాడు. నేనూ నవ్వాను, ఆ ట్రైనర్ని ఇద్దరం కలిసి తిట్టాం.

ఇంతకీ నాకు కావలసిన లైను ఇది. చెల్లి తప్పేం లేదు, ఆపమన్నది నేనే. ఇంతే. ఎక్కడో ఒక మూల ఉన్నా చాలు.

మార్చి 15, శనివారం, పొద్దున

వచ్చింది! అట్ట మీద గ్లవ్స్. లోపల ‘చెల్లికి, ప్రేమతో’ అని సంతకం. ముక్కు పదకొండో పేజీలో విరిగింది. నాన్న గురించి ఎంత బాగా చెప్పాడో! ఇవాళ వంట లేదని మా ఆయనకి చెప్పేశాను.

అదే రోజు, సాయంత్రం

చదివాను.

మార్చి 16, ఆదివారం

చాప్టర్ పేరే ‘టవల్’.

కార్నర్లో కూర్చున్నాడట. ఒంట్లో ఎక్కడ లేని బలం వచ్చిందట. ఈ రౌండ్లో వాడి పని పట్టేస్తాను చూడు అని నాకు చెప్పాలనుకున్నాడట. నోటినిండా మౌత్‌గార్డ్ ఉండడం వల్ల చూడు అన్నది సరిగ్గా పలకలేదట. పాపం పిచ్చి చెల్లి దాన్ని తూచ్ అని విన్నదట. చిన్నప్పటి నుంచీ దానికి దెబ్బలంటే భయం, కంగారుపడి టవల్ విసిరేసింది, ఒక్క మాట తప్పు వినడం వల్ల నా చేతిలోని టైటిల్ జారిపోయింది, అయినా దాన్ని ఎప్పుడో క్షమించేశాను అని రాయించాడు. అదీ చాప్టర్.

క్షమించాడట! మహానుభావుడు.

మౌత్‌గార్డ్ పెట్టుకుంటే చ పలకదు, త అయిపోతుంది, చూడు అంటే తూడు అంటావు అని ఒకప్పుడు ఆటపట్టించింది నేనే. ఆ జోకు కూడా నాదే. నా దగ్గర విన్నదే తెచ్చి నా నెత్తిన కొట్టాడు. మా మంచం మీది మాటని ఊళ్ళో వాళ్ళందరికీ పంచిపెట్టాడు.

ఇందాకటి దాకా అన్నయ్య అని రాస్తూ వచ్చాను. ఇకమీదట వాడే.

మార్చి 17, సోమవారం

ఒక్కటే అనుమానం తినేస్తోంది. ఒకవేళ నిజంగానే చూడు అన్నాడేమో?

కళ్ళు మూసుకుంటే పుస్తకంలో ఉన్నట్టే కనపడుతోంది. స్టూలు మీద వాడు, నోట్లో నల్లటి గార్డ్, ఉబ్బిన పెదాలు. ఇన్నేళ్ళూ నేను చూసినది ఇదేనా, నిన్న చదివినదా? తేల్చుకోలేకపోతున్నాను. నాదే తప్పయితే వాడి బతుకు పాడు చేసింది నేనే. టవలమ్మ అనడం న్యాయమే. వదిన కాఫీ తాగకపోవడమూ న్యాయమే.

మార్చి 19, బుధవారం

ల్యాబ్‌లో నా పళ్ళ అచ్చు తీసుకుని నాకే ఒక మౌత్‌గార్డ్ చేసుకున్నాను. డాక్టరమ్మ చూసి ఈ వయసులో ఎవరితో తలపడతావమ్మా అంది. నవ్వేశాను.

ఇంటికొచ్చి అది పెట్టుకుని మా ఆయన్ని గోడవైపు తిరిగి నిలబడమన్నాను. టీవీ సౌండు బాగా పెంచి, చూడు, తూచ్, తూచ్, చూడు అని మార్చి మార్చి అన్నాను. ఏది ఏదో చెప్పమన్నాను. సగం తప్పు చెప్పాడు. చివరికి విసుగొచ్చి రెండూ ఒకేలా ఉన్నాయి, పిల్లి తుమ్మినట్టుంది, ఇక వదిలెయ్యమన్నాడు. నేను ఏడవడం మొదలుపెట్టేసరికి బిత్తరపోయి టీవీ ఆపేశాడు.

మార్చి 20

తిండి సయించడం లేదు.

మార్చి 22, శనివారం, మధ్యాహ్నం రెండు

ల్యాబ్‌లో సింక్ దగ్గర ఆ గార్డ్ కడుగుతున్నాను. ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలు లోపలికి పోనిచ్చి, కుడిచేత్తో నీళ్ళు. ఎప్పుడూ అలాగే కడుగుతాను. చెయ్యి టక్కున ఆగిపోయింది.

ఓసి పిచ్చిమొహమా! గార్డ్ నా చేతిలో ఉంది కదే!

రౌండ్ అయ్యి స్టూలు మీద కూర్చోగానే మౌత్‌గార్డ్ తీసేస్తారు. లేకపోతే ఊపిరెలా ఆడుతుంది, నీళ్ళెలా పుక్కిలిస్తాడు? తీసేది నేనే, కడిగేది నేనే, బెల్‌కి ముందు మళ్ళీ పెట్టేదీ నేనే. వాడు తూచ్ అన్నప్పుడు అది నా ఎడమచేతిలో ఉంది, నెత్తుటి జిగురుతో. వాడి నోరు ఖాళీ. ముందు పన్ను కొస విరిగి ఉంటుంది, తూచ్ అంటుంటే ఆ కొస కూడా చూశాను. స్పష్టంగా అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడు.

ఈ మాత్రం కార్నర్లో ఒక్కసారి నిలబడ్డవాళ్ళెవరికైనా తెలుసు. నాకే గుర్తులేదు! చదివిందాన్ని అంతగా నమ్మేశాను. పుస్తకాల పిచ్చిదాన్ని కదా, అచ్చయిందంటే చాలు నా కళ్ళనే కాదనుకుంటాను.

మార్చి 23, ఆదివారం

వెళ్ళాను. వదిన పలకరింపుగా నవ్వింది. పుస్తకం చదివాక నా మీద జాలి కలిగిందట, ఇన్నేళ్ళూ కావాలని చేశాననుకుందట, పాపం తప్పు విన్నావు కదా అంది. కాఫీ తనే పెట్టి ఇచ్చింది. ఆ కాఫీ ఎలా మింగానో నాకే తెలుసు.

వాణ్ణి వంటింటి వెనక్కి రమ్మన్నాను. మౌత్‌గార్డ్ ఎక్కడుందిరా అని అడిగాను. జన్మలో మొదటిసారి రా అన్నాను. అర్థమైంది వాడికి. ముందు వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు, వదినకి వినపడకుండా.

బుకాయించలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. నువ్వు విన్నది తూచేలే అన్నాడు. మరి ఎందుకలా రాయించావంటే, రిపోర్టర్ పదే పదే అడిగాడట, ఎందుకు ఆగిపోయింది మ్యాచ్ అని. ఇక చాలని నేనే అన్నానని చెప్పడానికి నోరు రాలేదట. చదివేవాళ్ళకి అలాంటివే నచ్చుతాయి, నువ్వే కదా టవల్ చాప్టర్ రెండుసార్లు చదివి వినిపించావు, ఎంత నవ్వావు అన్నాడు. ఇన్నేళ్ళూ నువ్వేమీ అనలేదు కదా, ఇప్పుడు మాత్రం ఏమనుకుంటావులే అనుకున్నాడట.

నోరు మూసుకుని ఉన్నందుకు ఇదా! వాడి కోసం మూసుకున్నాను, వాడేమో నాకు పట్టదనుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. రూలు నేనొక్కదాన్నే పాటించానన్నమాట.

ఇంకా ఉంది. శనివారం ఆవిష్కరణ సభలో సరదాగా నన్ను స్టేజి మీదికి పిలిచి తెల్ల టవల్ చేతికిస్తారట, నేను వాడి మీదికి విసరాలట. ఫొటో బాగా వస్తుందని రిపోర్టర్ ఐడియా. వస్తావు కదూ, నువ్వు రాకపోతే బాగుండదు అని చెయ్యి పట్టుకున్నాడు.

వస్తానన్నాను.

మార్చి 24, సోమవారం

అల్మారాలోంచి ఆ పిరికి ట్రైనర్ పుస్తకం తీశాను. టవల్ చాప్టర్ మళ్ళీ చదివాను. చివర్లో ఒక వాక్యం ఉంది, ఆ రోజు నా కంటికి ఆననేలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ ట్రైనర్ తల దించుకుని, నువ్వే కదా ఆపమన్నావు అని గొణిగాడట. దాన్ని కూడా బాక్సర్ జోకులాగే రాశాడు. మేమిద్దరం దానికే నవ్వాం.

ఎవరో పాపం ఆయన. ఆయన పుస్తకం ఎవరూ వెయ్యరు. అల్మారా తలుపు వేసేశాను.

మార్చి 29, శనివారం, సాయంత్రం

హాలు నిండింది. ముందు వరుసలో పాత బాక్సర్లు. చప్పిడి ముక్కులు, దళసరి చెవులు. వాళ్ళలో కొందరి పళ్ళు నేను చేసినవే. మామూలు రోజైతే వాళ్ళ మధ్య కూర్చుని కబుర్లు వినడానికి చెవులు కోసుకునేదాన్ని.

రిపోర్టర్ మైకులో టవల్ చాప్టర్ చదివాడు. హాలంతా నవ్వింది. పాపం పిచ్చి చెల్లి అనే చోట వదిన నా భుజం తట్టింది. తర్వాత నన్ను పిలిచారు. టవల్ ఇచ్చారు. ఫొటో వాళ్ళు రెడీ. వాడు చేతులు చాపి కుర్చీలో కూర్చున్నాడు, నవ్వుతూ.

నేను విసరలేదు. టవల్ మడత పెట్టి వాడి ఒళ్ళో పెట్టాను. మైకు అడిగి తీసుకున్నాను. తూచ్ గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. అన్నయ్యా, స్టూలు మీద కూర్చున్నప్పుడు నీ మౌత్‌గార్డ్ ఎక్కడుంది అని మాత్రం అడిగాను.

జనం ఇదీ జోకే అనుకుని నవ్వారు. ముందు వరుస నవ్వలేదు. ఒక పెద్దాయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన కిందికి చూశాడు. వాళ్ళు అలా కిందికి చూడడం వాడు చూశాడు. రిపోర్టర్ గబగబా పేజీలు తిప్పుతున్నాడు. వాడు టవల్ అంచు వేళ్ళకి చుట్టుకుంటున్నాడు. అచ్చం మ్యాచ్‌కి ముందు బ్యాండేజీ చుట్టుకున్నట్టే.

జాలేసింది. దాంతోపాటు కోపమూ అలాగే ఉంది. మైకు ఇచ్చేసి దిగి వచ్చేశాను. వదిన గేటు దాకా నా వెనకే వచ్చింది, ఎక్కడుంది గార్డ్, అసలు ఏమైంది, ఎందుకలా అయిపోయారు అందరూ అని. ఆయన్నే అడుగు వదినా అన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

ల్యాబ్‌కి ఫోన్ చేశాడు. హలో అన్నాను. తూచ్ అన్నాడు.

ఏంటి, సరిగ్గా వినపడలేదు అన్నాను.