పిడికిట్లో రింగు

ప్రియమైన అక్కకు,

ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. పక్షవాతం వచ్చి నెలన్నర. కాలు మాట వింటోంది, ఎడమ చెయ్యే పిడికిలి విప్పడం లేదు. మిషన్ సూది కింద గుడ్డని నడిపేది ఆ చెయ్యే కదా. అది రాకపోతే ఇక నేనేం దర్జీని?

వ్యాయామం చేయించే అమ్మాయి పడవలాంటి చిన్న నాడె, దారం ఇచ్చి టాటింగ్ లేసు అల్లమంది. నువ్వు అల్లుతుంటే ఇన్నేళ్లూ వేళాకోళం చేశాను, అనుభవిస్తున్నాను. ముళ్లు వేశాక దారం లాగితే గుండ్రంగా రింగులా ముడుచుకోవాలట. నాది కదలదు. పదిహేనో తారీకు పెద్ద డాక్టరు వస్తాడు. మెరుగు కనిపించకపోతే మంచం ఖాళీ చేయిస్తారు. కాస్త కిటుకు చెప్పు.

గర్వం అణిగిన నీ తమ్ముడు

* * *

చిరంజీవి తమ్ముడికి,

నాడె, వేళ్లకు చుట్టిన దారం కింద నుంచి వెళ్లి పైనుంచి వస్తే సగం ముడి. పైనుంచి వెళ్లి కింద నుంచి వస్తే మిగతా సగం. నాడె దారం బిగువుగా లాగి, ఎడమ వేళ్లకు చుట్టిన దారం వదులు చెయ్యి. ముడి ఈ దారం మీంచి ఆ దారం మీదకి గెంతుతుంది. గెంతకపోతే రింగు బిగుసుకోదు.

వేళ్లు వదలడమే నీకు కష్టమని తెలుసురా. ఏం చెయ్యను, దీనికి అడ్డదారి లేదు. ఈ మోకాళ్లు సాగనిస్తే వచ్చి పక్కన కూర్చునేదాన్ని.

ఆశీస్సులతో, అక్క

* * *

ప్రియమైన అక్కకు,

వదలాలనుకునే కొద్దీ పిడికిలి ఇంకా బిగుస్తోంది. నీ ఉత్తరం చదివి చదివి నీ మరదలికి కంఠతా వచ్చేసింది. నాకే రాలేదు. డాక్టరు రావడానికి ఇంక మూడు రోజులే ఉంది. భయంగా ఉంది.

నీ తమ్ముడు

* * *

బంగారు తమ్ముడికి,

డాక్టరు మెచ్చుకున్నాడని రాసి, మరదలు నీ రింగు పంపింది. ముళ్లన్నీ ఎంత సమంగా ఉన్నాయో! చూసి ఏడ్చాను. కొట్టు ఎప్పుడు తెరుస్తావు?

సంతోషంతో, అక్క

* * *

ప్రియమైన అక్కకు,

ఆ రింగు నాది కాదు. నాకు చదివి వినిపిస్తూ నీ మరదలే నేర్చుకుంది. ఆ రోజు పొద్దున తనే అల్లి నా పిడికిట్లో పెట్టింది. మెరుగు కనిపిస్తే ఇంకో నెల ఉంచుకుంటారని ఆశపడింది. నేనూ నోరు మెదపలేదు. వ్యాయామం అమ్మాయి సెలవులో ఉంది. డాక్టరు చెయ్యి చూడలేదు, రింగే చూసి మెచ్చుకున్నాడు. ఆ సంబరంలోనే తను నీకు రాసి రింగు పంపేసింది. ఇంత సన్నపని చేసే చేతికి ఇక వైద్యం ఎందుకని మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేశాడు.

మర్నాడు నీ మరదలు వెళ్లి నిజం చెప్పుకుంది. మంచం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. మళ్లీ పేరు రాసుకున్నారు, ఆరు నెలలు ఆగమన్నారు.

అప్పటి నుంచి తను నాతో సరిగా మాట్లాడదు. రోజూ నా ఎదురుగా కూర్చుని వేళ్లు ఒక్కొక్కటే విప్పుతుంది. చెయ్యి తియ్యగానే అవి మూసుకుపోతాయి. మళ్లీ విప్పుతుంది. నిన్న మాత్రం తలెత్తకుండా, "నన్ను తిట్టండి" అంది.

నాకు కోపం రావడం లేదక్కా. వస్తే బాగుండును, ఆమె అడిగిందొక్కటైనా ఇవ్వగలిగేవాణ్ణి.

నీ తమ్ముడు