మెషీన్‌కి ఖాళీ గది

బావమరిదీ,

ఇంట్లో బిట్‌కాయిన్ మైనింగ్ మొదలుపెట్టాలంటే ఏమేం కావాలని అడిగావు. అన్నిటికన్నా ముందు ఒక ఖాళీ గది చూసుకో. మెషీన్ పగలూ రాత్రీ లెక్కలు చేస్తూ పొయ్యిలా కాగుతుంది. ఫ్యాన్ల మోతలో మీ అక్క గొంతే నాకు వినపడదంటే చూసుకో.

మాకు గది వెతుక్కునే పని పడలేదు. మీ అక్క ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చినప్పటి నుంచి అది మూసే ఉంది. ఊయల విప్పి అటకెక్కించాను. చిన్న బట్టల కోసం కొట్టించిన అరలో మెషీన్ సరిగ్గా పట్టింది. గోడకంటించిన బాతుబొమ్మలు ఎంత గీకినా ఊడి రాలేదు, వదిలేశాను.

లాభం మాట అడక్కు, కరెంటు బిల్లుకే చాలడం లేదు. అందుకే నీకిచ్చేస్తానన్నాను. మొన్న ప్యాక్ చేద్దామని మెషీన్ ఆపేశాను. చప్పుడు ఆగగానే మీ అక్క వంటింట్లోంచి వచ్చింది. అరలో చెయ్యి పెట్టి చూసింది.

"చల్లబడిపోతోందండీ" అంది.

ఆసుపత్రిలో ఆ రోజూ అదే మాట అంది. అప్పుడు నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

మెషీన్ మళ్లీ ఆన్ చేశాను. నువ్వు కొత్తది కొనుక్కో.

మీ బావ