విత్తనాల డబ్బాలో కాగితం

మా ఇంటి మహారాణికి,

మీ చెల్లెలికి కంటి కట్టు విప్పారా? ఇక్కడ అంతా కులాసా అని రాయబోయాను గానీ, కాదు. మొహం చెల్లక నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను.

రైతు పింఛను నాకొచ్చి నీకు రాలేదు కదా. నీకింకా వయసు చాల్లేదట అన్నాను. నువ్వు నవ్వి, "పోనీలెండి, ఒక్కళ్లైనా నన్ను పడుచుదాన్నన్నారు" అన్నావు. ఆ వయసు మాట నేనల్లిన అబద్ధం. మనిద్దరి దరఖాస్తులూ రాయించిన రోజు గుమస్తా, "మీ ఆవిడ ఏం పని చేస్తుందండీ?" అని అడిగాడు. వరసలో నా ముందున్న మగాళ్లంతా ఒకటే జవాబు చెప్పారు. నేనొక్కణ్ణే పెళ్లాన్ని పొలానికి తోలుతున్నానంటే నామోషీ అనిపించింది. "ఏమీ చెయ్యదండీ, ఇంటిపట్టునే ఉంటుంది" అన్నాను. అతను అదే రాసుకున్నాడు.

ఆ పొద్దున నువ్వు మడికి నీళ్లు కట్టి వచ్చి నాకు చొక్కా అందించావు. నీ గోళ్లలో బురద ఇంకా అలాగే ఉంది. నా నడుం పట్టేసిన ఏడాది పొలమంతా నాటించింది నువ్వే. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. వాళ్లు పంపిన తిరస్కారపు కాగితం కూడా నీ కంట పడకుండా దాచేశాను. అప్పీలుకు ఈ నెలాఖరే గడువు. దాటితే నీకిక ఎప్పటికీ రాదు. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ మొండిఘటం

*

మొండిఘటానికి,

చెల్లెలికి కట్టు విప్పారు. నా వంటకు వంకలు పెడుతోంది, కోలుకున్నట్టే.

ఆ కాగితం నేను మూడు వారాల కిందటే చూశాను. దాచడానికి మీకు విత్తనాల డబ్బా తప్ప చోటే దొరకలేదా? ఏటా ఆ డబ్బా మూత తీసేదెవరు, విత్తనం ఏరి ఎండబెట్టేదెవరు? "ఏమీ చెయ్యదు" అన్నచోట చూపు ఆగిపోయింది. ఏడ్చాను. మీరే చెబుతారని ఎదురుచూశాను. చెప్పలేదు. అందుకే చెల్లెలికి ఆపరేషన్ అనగానే సంచి సర్దుకున్నాను.

అప్పీలు కాగితం ఇక్కడే తెచ్చుకుని నింపాను. పని అన్నచోట వ్యవసాయం అని నా చేత్తోనే రాశాను. నా పని కళ్లారా చూసినవాళ్లు సాక్షి సంతకం పెట్టాలట. చెల్లెలు పెడతానంది. వద్దన్నాను.

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. మీరు నేరుగా ఆఫీసుకే రండి. ఆ మాట ఏ గుమస్తా ముందు అన్నారో, అక్కడే నిలబడి నేనేం చేస్తానో చెప్పండి. వరసలో చివరివాడిక్కూడా వినపడాలి. సంతకం ఆ తర్వాత పెడుదురుగాని.

చొక్కా మీరే ఉతుక్కుని వేసుకు రండి. నాకిక్కడ ఆ ఏమీ చెయ్యని పని బోలెడుంది.

ఇట్లు,
మీ ఇంట్లో రెండో రైతు