కుడతిని క్యాంటీన్లో ఉగ్గాని

గాంధీనగర్, బళ్లారి
బుధవారం, 2007

చిరంజీవి కెన్నెత్‌కు,

ఉగ్గాని ఉప్మా లాంటిదేనని రాశావు. కాదు. ఉప్మా ఉడుకుతుంది, ఉగ్గానికి ఉడకడమే ఉండదు. క్యాంటీన్ కాంట్రాక్టరు ఖనిజం లారీలు కొనుక్కుని వెళ్లిపోతే, కరెంటు చదివిన నిన్ను పొయ్యి దగ్గర నిలబెట్టిన మీ కరెంటు ప్లాంటు మేనేజరుకో నమస్కారం. క్యాంటీన్ నడిపితేనే నీ ఉద్యోగం పర్మనెంటు అన్నాడు కాబట్టి చెబుతున్నాను. బొరుగులు నీళ్లలో వేసి పిండేసి, ఉల్లిగడ్డ తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లు. చిన్నపిల్లలు చేస్తారు.

దీవెనలతో,
నీ అవ్వ కృపమణి

తా.క. జవాబు కంపెనీ బస్సు డ్రైవరు గాళెప్ప చేతికియ్యి. సెల్లులో సగం మాటలు నువ్వే మింగుతావు.

కుడతిని
గురువారం

అవ్వకు వందనాలు.

అన్నానికి మనిషికి పావుకిలో బియ్యం లెక్క. బొరుగులూ బియ్యమే కదా అని వెయ్యి మందికి అదే తూకం రాసిచ్చాను. టెంపో సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. స్టోరు నిండిపోయి మూటలు కంట్రోల్ రూము తలుపు దాకా వచ్చాయి. మేనేజరు పంపాపతిగారు చూసి, "ఏందప్పా కెన్నెత్, కరెంటు ఆపేసి బొరుగులు అమ్ముదామా?" అన్నారు. పొద్దున హడావుడి ఉండకూడదని అన్నీ ఇప్పుడే నానబెట్టేశాను.

నీ మనవడు,
కెన్నెత్

తా.క. డ్రమ్ములు చాల్లేదు. మంచినీళ్ల తొట్టి కూడా వాడుకున్నాం.

గాంధీనగర్
శుక్రవారం పొద్దున

కెన్నెత్‌కు,

నీళ్లలో వేసి పిండమన్నాను, నానబెట్టమనలేదు. బాప్తిస్మానికి ముంచిన మనిషిని పాదిరిగారు వెంటనే పైకి లేపుతారా, తెల్లారేదాకా వదిలేసి ఇంటికి పోతారా? వెంటనే తోడించు.

తల పట్టుకున్న,
అవ్వ

తా.క. బొరుగులు బియ్యమేనట. దూది కూడా బట్టే, పరుపును గజాల లెక్కన కొంటావా?

కుడతిని
శుక్రవారం సాయంత్రం

అవ్వా,

నీ ఉత్తరం వచ్చేసరికే అది గంజి అయిపోయింది. ప్లేట్లలో చెంబులతో పోశాం. జనమంతా రోడ్డు మీది హోటలుకు పోయారు. పంపాపతిగారు నన్ను ఇంటికి పొమ్మన్నారు. నువ్వు చెప్పినట్టే చేశానని నీ మొదటి ఉత్తరం చూపించాను. అది చదివి, "నీకు రాదని తెలిసిపాయె. ఇది రాసిన అవ్వనే పిలిపియ్యప్పా. సోమవారం డైరెక్టర్లు వస్తాండారు. ఆమె చేసింది బాగుంటే నువ్వుంటావు" అన్నారు. ఒప్పుకున్నాను. జీపు పంపుతారట.

కాళ్లు పట్టుకుని,
కెన్నెత్

తా.క. గేటు దగ్గర నీ పేరు అప్పుడే రాసేశారు: వంటల నిపుణురాలు.

గాంధీనగర్
శనివారం

నిపుణురాలి మనవడికి,

నేను మిషన్ స్కూల్లో భూగోళం చెప్పినదాన్ని. పెళ్లైన మర్నాటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నది మీ తాత జీవానందం. నువ్వు ఎప్పుడైనా వంటగదిలోకి తొంగి చూస్తే కదా తెలిసేది. నీకు రాసినదంతా నేను టేబుల్ దగ్గర కూర్చుని చూసినదే. అక్కడి నుంచి బాణలి అడుగు కనిపించదు.

ఉన్నమాట చెబుదామంటే నీ ఉద్యోగం పోతుంది. అందుకని సోమవారం ఇద్దరం వస్తాం. వంట తాత చేస్తాడు, నేను పక్కన నిలబడి తిడతాను. నిపుణులు చేసే పని అదే కదా. తాతది ఒకటే షరతు: నువ్వు వంటగది గడప దాటకూడదు.

అవ్వ

తా.క. రేపు చర్చి అయ్యాక కౌల్ బజార్‌కు పోయి నాకొక తెల్ల ఏప్రాన్ కొను. జేబున్నది చూడు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. తాతకు వద్దు, ఆయనకు భుజం మీది తువ్వాలు చాలు.