తప్పిన నెల

1944, మాఘ పంచమి

ఈ నెలా రాలేదు. దీపావళి తర్వాత ఒకసారి, నాలుగు చుక్కలు... అంతే. అయినా నిన్నటిదాకా వెనక కొట్టంలో దూరం కూర్చున్నాను. చాప, చెంబు, అబద్ధం. కూర్చోకపోతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ముత్తయిదువైతే నవ్వి ఊరుకుంటారు. నేను ఆయన పోయి ఏళ్ళు గడిచినదాన్ని. నెల తప్పిందంటే ఒకటే అర్థం చెప్పుకుంటారు.

రథసప్తమి

చలిలో చెమట. పిండి కలుపుతుంటే గుండెల్లోంచి మంట లేచి మెడ, చెవులు, మాడు... కొంగు తడిసిపోయింది. ఆ వెంటనే వణుకు. తోడికోడలు అనసూయ చూస్తోంది.

"జరమొచ్చిందా అక్కా?"

"పొయ్యి సెగ" అన్నాను. పొయ్యి ఇంకా ముట్టించనే లేదు.

మాఘ పౌర్ణమి

కడుపు ఉబ్బరం. చేత్తో నొక్కి చూసుకుంటున్నాను. గడ్డ ఏదైనా పెరుగుతోందా? అమ్మ ఇట్లాగే కడుపు ఉబ్బి చనిపోయింది. అప్పుడామెది ఇంచుమించు నా వయసే. ఎవరినడగను?

బహుళ విదియ

ముందు గదిలో కిరాయికుండే పంతులుగారు గడప బయట నిలబడి పత్రిక ఇచ్చారు. చదివి ఇచ్చేస్తానని తెలుసు, రోజూ ఇచ్చేదే. ఇవాళ అనసూయ కళ్ళు పత్రిక మీద, తర్వాత నా కడుపు మీద.

శివరాత్రి

కోమటిచెరువు దగ్గర చాకలి ఎల్లవ్వ అనసూయతో అన్నదట — "పెద్దమ్మ బట్టల మీద మరకే లేదు గద."

అనసూయ నన్ను గదిలోకి లాగి గొళ్ళెం పెట్టింది.

"నిజం జెప్పక్కా. ఎన్నో నెల?"

"అది కాదే. ఆగిపోతున్నట్టుంది."

"ఆగితే ఆగిందని జెప్పాలె. దొంగతనంగ కొట్టంల కూసుంటరా? పంతులేనా?"

ఊరుకున్నాను కాబట్టి ఒప్పుకున్నాననుకుంది.

మరునాడు

పంతులుగారి పెట్టె అరుగు మీద. మరిది గొంతు — "ఇయ్యాల్నే జాగ ఖాళీ జెయ్యి."

"నేనేం చేసిన?" ఆయన అడుగుతున్నారు. మరిది చెప్పడం లేదు. ఎట్లా చెప్తాడు! నేను లేచాను. అనసూయ రెక్క పట్టి ఆపింది. పంతులుగారు వెళ్ళిపోయారు.

మరిది నావైపు చూడడు. గోడతో చెప్పినట్టు — "మద్దూరుకు బండి కట్టిస్త. తల్లిగారింట్ల ఉంటది."

ఈ మాటతో దింపితే అన్న గడప తొక్కనివ్వడు. ఆ తర్వాత నాకు నూతి దారి ఒక్కటే.

ఫాల్గుణ తదియ

అనసూయే పట్టుబట్టింది. "పంపుడుకు ముందుగాల డాక్టరమ్మకు సూపెడ్త. నిజమేందో తెలువాలె."

మిషన్ దవాఖాన. డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టింది. చల్లటి చేతులు. కళ్ళు మూసుకున్నాను... ఎంతసేపో.

"గర్భం కాదు. గడ్డా కాదు."



చవితి

నిన్న పూర్తిగా రాయడానికి చెయ్యి ఆడలేదు. డాక్టరమ్మ చెప్పింది మరిచిపోకముందే రాయాలి. ఆమెది కోస్తా మాట.

"పెద్దమనిషివి ఒక్క రోజులో అయ్యావా? లోపల ఏళ్ళ తరబడి తయారైంది. ఆగడమూ అంతేనమ్మా. అండాలుండే చోట ఒక రసం ఊరి రక్తంలో కలుస్తుంది. ఇప్పుడది ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. అందుకే ఒక నెల వచ్చి రెండు నెలలు రాదు. ఈ మంట, చెమట, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు... అన్నీ దానివే. పిచ్చి కాదు."

"ఎప్పటికి ఆగుతది?" అనసూయ అడిగింది, నాకంటే ముందు.

"ఏడాది పొడుగునా రాకపోతే అప్పుడు ఆగినట్టు. ఆ తర్వాతా కొన్నేళ్ళు మంటలుండొచ్చు. అట్లా ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడితే మాత్రం సిగ్గుపడి దాచుకోకు, రా."

ఏడాది! అంతవరకు ప్రతి నెలా అందరి కళ్ళూ నా బట్టల మీదేనా?

అష్టమి

అనసూయ ఇంకా మరిదికి చెప్పలేదు. "గిసోంటి ముచ్చట మొగోళ్ళతోని ఎట్ల జెప్పాలె అక్కా?"

బండి మాట మరిది వెనక్కి తీసుకోలేదు.

హోలీ

వచ్చింది. ధారగా, గడ్డలు గడ్డలుగా. చచ్చిపోతున్నాననుకున్నాను. అనసూయను కేకేశాను. చూసి నా పాదాలు పట్టుకుంది.

"తప్పైంది అక్కా... తప్పైంది."

లేవదీయడానికి నాకు ఓపిక లేదు. దవాఖానకు మనిషిని పంపింది. మందు వచ్చింది. తగ్గింది కొంచెం.

బహుళ పంచమి

బావి దగ్గర ఇద్దరు నన్ను చూసి మాట ఆపేశారు. చేద వేశాను. నీళ్ళు తోడాను. ఇల్లిల్లూ తిరిగి డాక్టరమ్మ మాటలు ఎవరు చెప్తారు?

పంతులుగారు ఎక్కడున్నారో తెలియదు.

బహుళ దశమి

పొద్దున అనసూయ గుసగుసగా — "జెప్పిన. అంత ఇన్నడు."

కాసేపటికి తలుపు బయట మరిది. శివరాత్రి నుంచి నాతో ఒక్క మాట లేదు.

"వదినా... అనసూయ జెప్పింది నాకు సమజ్ గాలే. నెలలు దప్పుడేంది, మల్ల వచ్చుడేంది? పంతులును ఉత్తగనే ఎల్లగొట్టిన్నా? దుకాణం కాంచి వచ్చినంక నువ్వే జెప్పాలె."

వెళ్ళాడు.

మా అన్న లాంటి కఠినుడు కాదు, తమ్ముడి వంటి మనిషి. అయినా మగమనిషి. మా ఆయన ఉండగా ఆయనకే చెప్పలేదు ఇట్లాంటివి. తలుపు వెనక నిలబడి చెప్పనా? రసం అనాలా... రక్తం అనాలా... ఏ మాటతో మొదలుపెట్టను?

మంట లేస్తోంది మళ్ళీ. కొంగు తడిసింది.

వాకిట్లో మరిది చెప్పుల చప్పుడు —